పిట్టలు పక్కకు పోతాయిలే

బువాన్ నుంచి గున్సాన్ వైపు పోతుంటే ఎడమచేతి పక్క సముద్రం. కుడిచేతి పక్క కూడా కనుచూపు మేర నీళ్లే. ఒకప్పుడు అదీ సముద్రమే. రెంటినీ విడదీస్తూ మేం పోతున్న నాలుగు వరసల రోడ్డు, దాని కింద రాళ్లూ ఇసుకా పోసి కట్టిన గోడ. దక్షిణ కొరియా పడమటి తీరాన రెండు నదులు సముద్రంలో కలిసే చోట, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి 33.9 కిలోమీటర్లు. పేరు సేమంగుమ్. ప్రపంచంలోకెల్లా పొడవైన సముద్రపు కట్టగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దారి మధ్యలో కార్లు ఆపుకునే చోట్లున్నాయి, కాఫీ దొరుకుతుంది, జనం గోడకు వీపు పెట్టి ఫొటోలు దిగుతుంటారు. చూడదగ్గ కట్టడమే. అంత ఉరవడి ఉన్న నీటికి అడ్డం పడ్డవాళ్ల పనితనాన్ని తక్కువ చేయను.

కారు నడిపేది మా పిన్ని కొడుకు. జొంజులో పీహెచ్‌డీ చేస్తున్నాడు, కొరియన్ భాష ధారాళంగా వస్తుంది. "అన్నయ్యా, ఈ దేశం వచ్చినవాళ్లంతా రాజుల కోటలు చూస్తారు, నువ్వు బురద చూస్తానని వచ్చావు. అమ్మతో ఫోన్లో చెప్తే నవ్వుతోంది" అని పొద్దున్నుంచీ దెప్పుతూనే ఉన్నాడు. నేను చూడాలనుకున్న బురద రెండు రకాలది. ఒకటి పోయింది, ఒకటి మిగిలింది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, నడుమ గున్సాన్ ఊరూ గుమ్ నదీ అడ్డం. అంత దగ్గరలో ఉన్న రెండింటికి అంత తేడా ఎందుకొచ్చిందో అక్కడి మనుషుల నోట వినాలని నా కోరిక.

ఇక్కడి ఆటుపోట్లు మన తీరంలో పెరిగినవాళ్ల ఊహకి అందవు. కాకినాడ దగ్గర పోటుకీ పాటుకీ తేడా మీటరున్నర అటూఇటూ. గున్సాన్ దగ్గర పున్నమి, అమావాస్యల పోట్లకి ఆరు మీటర్ల దాకా లేస్తుంది. పాటు తీసిందంటే సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోయి, నల్లగా మెరిసే మెత్తటి నేల బయటపడుతుంది. గెత్‌బోల్ అంటారు దాన్ని. మన్‌గ్యాంగ్, దొంగ్‌జిన్ నదులు తెచ్చిన ఒండ్రును సముద్రం రోజుకు రెండుసార్లు వచ్చి పరిచిపోయేది. అందులో గుల్లలు, పురుగులు, పీతలు. వాటికోసం దిగే మనుషులు, పిట్టలు.

దాన్ని నేలగా మార్చే పని 1991లో మొదలైంది. సుమారు 400 చదరపు కిలోమీటర్లు, అంటే సియోల్ నగరంలో మూడింట రెండొంతులు. అప్పుడు చెప్పిన కారణం వరిసాగు. ఈలోగా కొరియా జనం అన్నం తినడం ఏటికేడాది తగ్గిపోయింది. గోడ పూర్తయ్యేనాటికి వరి మాట వెనకబడి ఫ్యాక్టరీలు, రేవు, సౌరఫలకాలు, పర్యాటకం ముందుకొచ్చాయి. ముందు నేల తేల్చుదాం, దాంతో ఏం చేద్దామో తర్వాత చూద్దాం అన్న లెక్క. ఇది కొరియా వాళ్ల ఒక్కరి జబ్బు అనుకోలేం. మన కోస్తాలో పర్ర భూముల్ని కాగితాల మీద బీడు కింద రాసేసుకుని, ఏ పథకం వచ్చినా ముందు వాటివైపే వేలు చూపించే అలవాటు నేను చూస్తూనే ఉన్నాను.

గోడ ఎక్కకముందు గ్యెహ్వాలో ఆగాం. ఇది ఒకప్పటి దీవి. 1960లలో చుట్టూ ఉన్న సముద్రాన్ని పూడ్చి పొలాలు చేశారు. సొమ్‌జిన్ నది మీద కట్టిన ఆనకట్టలో ఊళ్లు మునిగిన రైతుల్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. అంటే ఒకసారి నీళ్లు వచ్చి ఊరు పోగొట్టుకున్నవాళ్లు, నలభై ఏళ్ల తర్వాత నీళ్లు రాక బతుకుతెరువు పోగొట్టుకున్నారన్నమాట. భోజనానికి దిగిన చోట యజమానురాలికి డెబ్బై దాటి ఉంటాయి. మా వాడు "హల్మొని" అని పిలిచాడు, మన నాయనమ్మ, అమ్మమ్మ ఇద్దరికీ వాళ్లకు అదే పిలుపు. ఆవిడ బెక్‌హప్ అనే తెల్లగుల్లలు వేసి కాచిన జావ పెట్టింది. నువ్వులనూనె వాసన, గుల్లమాంసం తీపి. మా వాడు రెండో గిన్నె అడిగాడు.

ఈ గుల్లలు పట్టడానికి ఇక్కడి ఆడవాళ్లు వాడే పనిముట్టు ఒకటి గోడకి తగిలించి ఉంది. గురె అంటారట. కర్రచట్రానికి అడుగున అడ్డంగా ఇనుప పలక, పైన నడుముకి కట్టుకునే తాడు. పలకను బురదలోకి దింపి, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగాలి. పలక గుల్లకి తగిలితే చేతికి తెలుస్తుంది, చెవికీ తెలుస్తుంది. "డబ్బు కావాలంటే పాటు వేళ చూసుకుని దిగేదాన్ని. సాయంత్రానికి చేతిలో పడేది. ఎవర్నీ అడగక్కర్లేదు, నా మొగుణ్ణి కూడా" అని నవ్వింది. గోడ మూశాక ఏమైందని అడిగాం. నీళ్లు రాక గుల్లలు లోపలే ఉండిపోయాయట. ఓ రోజు వాన పడింది. పోటు వచ్చిందనుకుని అన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి. మర్నాడు ఎండకి అక్కడికక్కడే చచ్చాయి. ఆ కంపుకి ఊళ్లో తలుపులు మూసుకుని కూర్చున్నారట. నష్టపరిహారం వచ్చింది, దాంతో ఇంటికప్పు మార్పించారు, అయిపోయింది. మరి ఈ జావలో గుల్లలెక్కడివని అడిగితే చేత్తో దూరంగా ఎటో చూపించింది. "మా ఊరివి మాత్రం కావు."

అవే బురదనేలల్లో ఆవిడతో పాటు, ఆవిడ వదిలేసిన చిన్న గుల్లల కోసం దిగే పిట్ట ఒకటుంది. గ్రేట్ నాట్. ఉల్లంకి జాతిది, బూడిదరంగు వీపు, ఎదమీద నల్లమచ్చలు, పావుకిలో కూడా తూగదు. చిన్న గుల్లల్ని చిప్పతో సహా మింగి కడుపులో నలగ్గొట్టుకుంటుంది. చలికాలం ఎక్కువగా ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో గడిపి, గుడ్లు పెట్టడానికి సైబీరియా ఈశాన్యపు కొండలకి పోతుంది. మార్చి చివర్లో, ఏప్రిల్లో ఆస్ట్రేలియా వదిలిందంటే ఐదారు వేల కిలోమీటర్లు, కింద మహాసముద్రం, ఎక్కడా దిగకుండా ఎగిరి ఈ పచ్చసముద్రం (యెల్లో సీ) ఒడ్డున వాలుతుంది. ఆ దూరం ఎగరడానికి కొవ్వు ఒక్కటే చాలదు. దారిలో తన పేగుల్ని, కాలేయాన్ని కూడా కొంత కరిగించుకుంటుందని ఈ పిట్టమీదే పనిచేసిన శాస్త్రవేత్తలు తూచి చూపించారు. దిగేసరికి తిండి అరిగించుకునే సరంజామాయే సగం ఖాళీ. ఇక్కడ కొన్ని వారాలు తిని ముందు కడుపును తిరిగి కట్టుకోవాలి, తర్వాత కొవ్వు పట్టాలి, ఆ తర్వాతే సైబీరియా. అలాంటి ప్రాణికి "ఇవాళ ఈ చోటు మూసేశాం, పక్కన చూసుకో" అని చెప్పడంలో ఎంత కాఠిన్యం ఉందో ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

సరిగ్గా అదే చెప్పారు. గోడ కడుతున్న రోజుల్లో పక్షుల మాట ఎత్తినవాళ్లకి దొరికిన జవాబు: పిట్టలకు రెక్కలున్నాయి, పక్కకు పోతాయిలే. దగ్గర్లోనే గుమ్ నది ముఖద్వారం ఉంది, గొమ్‌సో అఖాతం ఉంది, అక్కడా బురదే కదా. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఈ మాటను తిట్టి ఊరుకోకుండా లెక్కపెట్టి చూద్దాం అనుకున్నవాళ్లు ఉండటం కొరియా అదృష్టం. బర్డ్స్ కొరియా అనే చిన్న సంస్థ, ఆస్ట్రేలియా వాళ్ల ఉల్లంకుల అధ్యయన బృందం కలిసి 2006, 2007, 2008 వరసగా మూడు వసంతాలు ఈ మూడు చోట్లా పిట్టల్ని లెక్కపెట్టారు. గోడలో ఆఖరి సందు మూసింది 2006 ఏప్రిల్ 21న. పిట్టలు దిగే రోజులవి. సేమంగుమ్‌లో గ్రేట్ నాట్‌లు దాదాపు 90 వేలు తగ్గిపోయాయి. పక్క చోట్లలో ఆ మేరకు పెరగలేదు. కొరియాలో మిగతా తీరం గాలించినా కనబడలేదు. ఆస్ట్రేలియాలో చలికాలపు లెక్కల్లోనూ తరుగు తేలింది. పక్కన బురద ఉంటే ఉండొచ్చు, ఆ బురదలో గుల్లలు ఎన్ని పిట్టలకు సరిపోతాయో అన్ని పిట్టలు ముందే అక్కడున్నాయి. 2015లో ఈ పిట్టను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కించారు. సేమంగుమ్ ఒక్కటే కారణం అనడం అన్యాయం. పచ్చసముద్రం చుట్టూ, చైనా వైపు కూడా కలుపుకుని, యాభై ఏళ్లలో ఇలాంటి బురదనేలలు మూడింట రెండొంతుల దాకా పోయాయి. ఇన్ని "పక్కకు" ఒక్కసారిగా మూసుకుపోతే ఏమవుతుందో కళ్లకు కట్టింది మాత్రం ఇక్కడే.

హెచాంగ్ అనే చోట రోడ్డు పక్కన చెక్కతో చెక్కిన గ్రామదేవతల స్తంభాలు కొన్ని నిలబడి ఉన్నాయి. పళ్లు బయటపెట్టి, కళ్లు పెద్దవి చేసి చూస్తుంటాయి, రంగు వెలిసిపోయింది. గోడ వద్దన్నవాళ్లు 2000 ప్రాంతంలో బురద ఒడ్డున వీటిని పాతారు. ఇక్కణ్ణించే 2003 మార్చిలో మూన్ గ్యూహ్యున్ అనే కేథలిక్ ఫాదర్, సుగ్యాంగ్ అనే బౌద్ధభిక్షువు, వాళ్లతో పాటు ఒక ప్రొటెస్టంటు పాస్టరు, ఒక వొన్ బౌద్ధమతాచార్యుడు సియోల్‌కి బయల్దేరారు. మూడడుగులు నడవడం, మోకాళ్లూ మోచేతులూ నుదురూ నేలకి ఆనించి ఒక దండం. మళ్లీ మూడడుగులు. తిరుమల మెట్లకు మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్లను చూసినవాళ్లకి ఆ ఓపిక తెలుస్తుంది. కాకపోతే వీళ్లు తారురోడ్డు మీద, లారీల పక్కన, మూడువందల కిలోమీటర్లు పోయారు. 65 రోజులు పట్టింది. దేశమంతా చూసింది. కోర్టులో కేసు నడిచింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు పని కొనసాగించమంది.

ఆ హెచాంగ్ పక్కనే బురదను పూడ్చి తయారుచేసిన మైదానంలో 2023 ఆగస్టులో ప్రపంచ స్కౌట్ల జాంబోరీ పెట్టారు. నలభై వేలమందికి పైగా పిల్లలొచ్చారు. ఒక్క చెట్టు నీడ లేదు. నేలలో నీళ్లు ఇంకలేదు, గుడారాల కింద బురద, పైన ఎండ, చుట్టూ దోమలు. ఆఖరికి తుపాను వస్తోందని అందర్నీ బస్సుల్లో తరలించారు. మా వాడి యూనివర్సిటీలో ఇప్పటికీ దాన్ని తల్చుకుని తలపట్టుకుంటారట. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లలెవరికీ తాము పడుకున్నది దేనిమీదో చెప్పి ఉండరు.

గోడలో ఉన్న తూముల్ని ఇప్పుడు రోజుకు రెండుసార్లు తెరుస్తున్నారు. లోపలి నీళ్లు కుళ్లిపోతుంటే వేరే దారి లేకపోయింది. దాంతో ఓ మూల కాస్త ప్రాణం వచ్చింది. గున్సాన్ దగ్గర అమెరికా వైమానిక స్థావరాన్ని ఆనుకుని సురా అనే చోటు అది. ఉప్పు తట్టుకునే ఎర్రటి మొక్కలు, రెల్లు, మధ్యలో తడి. స్థానిక పౌరుల బృందం ఒకటి 2003 నుంచీ ప్రతి నెలా ఇక్కడ తిరిగి ఏమేం ఉన్నాయో రాస్తోంది. వాళ్ల మీద, ఈ చోటు మీద హ్వాంగ్ యున్ అనే దర్శకురాలు తీసిన డాక్యుమెంటరీని కొరియాలో బాగా చూశారు. అక్కడే కొత్త విమానాశ్రయం కడతామని ప్రభుత్వం. పిట్టలు ఇంజన్లకు కొట్టుకునే ప్రమాదాన్ని సరిగా లెక్కలోకి తీసుకోలేదని 2025 సెప్టెంబరులో సియోల్ పరిపాలనా కోర్టు ఆ ప్రణాళికను కొట్టేసింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. మేం గట్టు మీద నిలబడి ఉండగా పక్క స్థావరం నుంచి యుద్ధవిమానం ఒకటి లేచింది. చెవులు మూసుకున్నాం. ఓ కర్లూ మాత్రం తన వంపు ముక్కును బురదలోంచి తీయలేదు.

గుమ్ నది వంతెన దాటితే జాంగ్‌హాంగ్, సొచన్ కౌంటీలోది. ముందు కనబడేది కొండరాయి మీద నిలబెట్టిన పాత పొగగొట్టం. 1936లో జపాన్ ఏలుబడిలో పెట్టిన రాగి శుద్ధి కర్మాగారానిది. 1989లో కొలిమి ఆపేశారు గాని ఆర్సెనిక్, కాడ్మియం చుట్టూ మట్టిలో ఉండిపోయాయి. ఊళ్లు ఖాళీ చేయించి ఏళ్ల తరబడి నేల కడగాల్సి వచ్చింది. విచిత్రం ఏమిటంటే అదే 1989లోనే ఇక్కడి బురదను పూడ్చి పారిశ్రామికవాడ కడతామని ప్రకటించారు. నది అవతల గున్సాన్ వైపు కట్టేశారు. ఇటువైపు ఏళ్లు గడిచినా కదల్లేదు. జనం ఎదురుచూసి విసిగారు. కౌంటీ పెద్ద స్వయంగా సియోల్‌కి పోయి నిరాహారదీక్ష చేశాడు, త్వరగా పూడ్చండని. అవును, పూడ్చమనే. పిల్లలు ఊరు వదిలిపోతున్నారు, అవతలి ఒడ్డున దీపాలు వెలుగుతున్నాయి, ఇక్కడేమో బురద. ఆ కోపం నాకర్థమవుతుంది.

2007లో బేరం కుదిరింది. బురద జోలికి పోవద్దు, బదులుగా కేంద్రం రెండు జాతీయసంస్థలు ఇక్కడ పెడుతుంది: ఒకటి జీవావరణ శాస్త్రానికి, ఒకటి సముద్ర జీవవైవిధ్యానికి. దాంతోపాటు నేల మీదే, సముద్రం పూడ్చకుండా, చిన్న పారిశ్రామికవాడ. 2013లో మొదటిది, 2015లో రెండోది తలుపులు తెరిచాయి. బస్సుల్లో బడిపిల్లలు వస్తున్నారు. పూడ్చకుండా మిగిలిన ఆ సొచన్ బురద 2021లో మరో మూడు చోట్లతో కలిసి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకి ఎక్కింది. ఇది పక్షిప్రేమ గెలిచిన కథ అని చెప్పేవాళ్లున్నారు. నాకలా కనబడలేదు. పక్కనే సేమంగుమ్ గుల్లల కంపు కొడుతుండగా, ఊరివాళ్ల ఆకలిని కూడా ఒక లెక్కగా ఒప్పుకుని, దానికి ఖరీదు కట్టి చెల్లించారు. సేమంగుమ్‌లో చెల్లించింది బురద పోయినందుకు. ఇక్కడ చెల్లించింది బురద ఉన్నందుకు. పర్యావరణం గురించి మాట్లాడే మనవాళ్లు ఈ రెండో పద్దును ఎందుకో తక్కువగా ఎత్తుతారు.

పెద్దపోటు వేళకి పైన్‌తోట దాటి ఒడ్డుకి చేరాం. పిట్టల్ని చూడాలంటే పోటు వేళకే రావాలి. పాటులో అవి కిలోమీటర్ల మేర చెదిరిపోయి చుక్కల్లా కూడా కనబడవు. నీళ్లు లేచేకొద్దీ బురద ఇరుకై, అన్నీ ఒడ్డుకి దగ్గరగా వచ్చి కిక్కిరిసి నిలబడతాయి. మొదట నాకు బూడిదరంగు గులకరాళ్ల గట్టు కనబడింది. డేగ ఏదో పైన తిరిగినట్టుంది, గట్టు మొత్తం ఒక్కసారిగా లేచింది. తెల్లగా తిరిగింది, మళ్లీ నల్లగా తిరిగింది, రెక్కల మోత మా దాకా వచ్చింది. మా వాడు దెప్పడం మానేసి ఫోన్ తీశాడు.

అక్కడ టెలిస్కోపు పెట్టుకుని, చేతిలో మీటలున్న లెక్కయంత్రం పట్టుకుని ఒకావిడ ఉంది. స్వచ్ఛందంగా లెక్కపెట్టే మనిషి, వృత్తిరీత్యా బడిపంతులమ్మ. చూస్తానంటే జరిగి చోటిచ్చింది. గ్రేట్ నాట్‌లు, వాటి నడుమ పొడుగు ముక్కుల గాడ్‌విట్‌లు. చెంచా ముక్కు ఉల్లంకి ఉందేమోనని వెతికాను. లోకం మొత్తమ్మీద కొన్ని వందలే మిగిలిన ఆ పిట్ట వలసకాలంలో ఇక్కడ ఆగుతుంది. ఆ రోజు కనబడలేదు. ఒక గ్రేట్ నాట్ కాలికి మాత్రం పసుపుపచ్చ చీటీ ఉంది. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో, బ్రూమ్ వైపు పట్టి కట్టినవాటికి పసుపు. దానిమీద అక్షరాలు ఆవిడ చదివి రాసుకుంది. పంపితే ఏ ఏడు, ఎక్కడ కట్టారో అక్కణ్ణించి జవాబు వస్తుందట.

"మీ దేశంలో ఉందా ఈ పిట్ట?" అని మా వాడి చేత అడిగించింది. ఉందని చెప్పాను. చలికాలంలో కాకినాడ అఖాతం బురదల్లో గ్రేట్ నాట్‌లు కనబడతాయి, ఆస్ట్రేలియా అంత గుంపులు కావు గాని ఉంటాయి. కోరింగ మడ అడవి గురించి చెప్పాను, 1978లో అభయారణ్యం అయిందని, 235 చదరపు కిలోమీటర్లని. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్లస్థలాల కోసం మడ చెట్లు కొట్టి మెరక చేస్తే హరిత ట్రిబ్యునల్ దాకా కేసు వెళ్లిందని కూడా చెప్పాను. మడ చెట్లు పోతే మా దగ్గర ఇప్పుడు గొడవ అవుతుంది, అది మంచిదే, కొత్తగా నాటే పథకాలు కూడా ఉన్నాయి అన్నాను, కాస్త గర్వంగానే.

ఆవిడ కన్ను టెలిస్కోపు మీంచి తీయకుండానే అడిగింది: "ఎక్కడ నాటుతున్నారు?"

ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చెట్టు కొట్టేసిన చోట నాటితే సరే. చెట్టెప్పుడూ లేని ఉత్త బురద మీద నాటితే, గ్రేట్ నాట్‌కి అది గోడ కట్టడంతో సమానం. గుల్లలు ఏరే పిట్టకి చుట్టూ ఖాళీ కావాలి, డేగ దూరం నుంచే కనబడాలి, వేళ్ల గుబురు మధ్య అది దిగదు. మన దగ్గర బురదని ఖాళీ అనుకునేవాళ్లలో పూడ్చేవాళ్లే కాదు, పచ్చగా చేద్దామనుకునేవాళ్లూ ఉన్నారు. ఏ పథకం కింద ఏ చోట ఎంత నాటారో, అందులో ముందు ఉత్త బురద ఎంతో మడ జాగా ఎంతో ఊరికి వెళ్లి అటవీశాఖ వాళ్లని అడుగుతానన్నాను. అడిగితే సరిపోదు, నాటకముందు పోటు వేళకి వెళ్లి పిట్టల్ని లెక్కపెట్టిన కాగితం చేతిలో ఉండాలి అంది ఆవిడ. కాకినాడలో ఏటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుందని చెప్పాను. జనవరి ఒక్కటేనా, పిట్టలు వచ్చే నెలలు, పోయే నెలలు ఎవరు చూస్తారని అడిగింది. నేను జవాబు వెతుక్కుంటుండగా నీళ్లు తీయడం మొదలైంది. అంచున ఉన్న పిట్టలు అప్పుడే తడి నేల మీదకి నడుస్తున్నాయి. ఇంకో ఇరవై నిమిషాల్లో అన్నీ చెదిరిపోతాయి, లెక్క సగంలో ఉంది, మీ అన్నయ్యని ఇక కాసేపు మాట్లాడించొద్దు అని మా వాడితో చెప్పి, ఆవిడ మీట నొక్కడం మొదలుపెట్టింది.